నక్కలగడ్డ కొంగపూలు

18 జులై 1967
కాలేజీలో బోటనీ ప్రాక్టికల్స్ వాయిదా వేసి నక్కలగడ్డకు వచ్చాను. కృష్ణ నడుమ చిన్న లంక, నిండా అడవి. మద్దిచెట్ల కింద కొంగపూలు విచ్చుకున్నాయి. ఒడ్డు అడవిలో ఈ ఆర్కిడ్ తెల్లగా పూస్తుంది. ఇక్కడ పసుపు, రెక్క అంచున చీలిక. సబ్‌స్పీసీస్, కొత్త ఉపజాతి! ఈ గడ్డ మీద తప్ప ఎక్కడా నాకు కనబడలేదు. వచ్చే నెల డ్యామ్ నీళ్లు ఇక్కడిదాకా ఎక్కుతాయట.

26 జులై
గడ్డ మీంచి నల్గొండకు తెచ్చిన కొంగపూల దుంపలన్నీ కుళ్లిపోయాయి.

27 జులై
పుట్టిన మట్టి లేకపోతే ఇవి బతకవు. గంపలతో మట్టిసహా తేవాలి. ప్రిన్సిపాల్‌గారు సెలవివ్వలేదు. ఒక పువ్వుకింత ఫికర్ ఎందుకమ్మా అని నవ్వారు. గదికొచ్చి ఏడ్చాను. చెప్పకుండానే పోతాను.

9 ఆగస్టు
వానలకు దారులు తెగి ఇవాళ్టికి ఒడ్డు చేరాను. గడ్డ సగం మునిగింది. పుట్టి నడిపే భిక్షాన్ని ఎంతో బతిమాలాను, కాళ్లొక్కటే పట్టుకోలేదు. వాళ్లమ్మ పుల్లమ్మ ఇంకా అక్కడి గుడిసెలోనే ఉందట. "మా అమ్మను తెచ్చుడు ముందు. జాగా ఉంటెనే నీ గంపలు" అన్నాడు.

10 ఆగస్టు


భిక్షంతో గడ్డకు పోయి, మొక్కల్ని మట్టితో తవ్వి గంపలు నింపాను. పుట్టిలో పెట్టేసరికి బరువుకు నీళ్లు దాని అంచు దాకా వచ్చాయి. పుల్లమ్మ మేకపిల్లను చంకనేసుకుని నిలబడింది. "దీన్ని ఇడిసి నేను రాను" అంది. మేకలు ఊరూరా ఉన్నాయి, ఈ పూలు లోకంలో ఇంకెక్కడా లేవు అని అరిచాను. అంత ముసలిదాని మీద అరిచాను.

"గిది గూడ గీ గడ్డ మీద పుట్టిందే బిడ్డా" అంది.

భిక్షం నావైపు చూడకుండా, "జల్ది చెప్పు పంతులమ్మా, ఏరు ఆగదు" అన్నాడు.

నా చేతులతోనే గంపలు నీళ్లలో గుమ్మరించాను. పూలు కాసేపు పుట్టి వెంబడి తేలుతూ వచ్చాయి. ఒక్క మొక్కను ఒళ్లో దాచుకున్నాను. దాని ఆకును మేకపిల్ల కొరికింది.

11 ఆగస్టు
మళ్లీ పోదామన్నాను. భిక్షం ఏటివైపు చెయ్యి చూపించాడు. మద్దిచెట్ల కొసలు మాత్రమే ఉన్నాయి.

2 సెప్టెంబర్
కుండీలో మొక్క నల్లబడింది. దుంప తీసి చూస్తే నా చేతివేళ్ల మధ్యే చితికిపోయింది.

20 సెప్టెంబర్
క్లాసులో బోర్డు మీద కొంగపువ్వు గీశాను. ఎక్కడ దొరుకుతుంది మేడం అన్నారు. కృష్ణ నీళ్ల కింద అన్నాను. అందరూ నీటిమొక్క అని రాసుకున్నారు.

దిద్దలేదు.