బైమత్ పేరు కొట్టేసిన శోకపాట

ఎసెన్ కొడుకు కుబాత్ అనే నేను, వయసు ఇరవై ఆరు, బిష్కెక్‌లో జానపద సాహిత్యంలో పరిశోధన చేస్తున్నవాణ్ణి, బుద్ధి స్థిమితంగా ఉండగానే (మా ప్రొఫెసరు గారి అభిప్రాయం వేరు), ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది.

ఈ వయసులో ఎందుకంటే, రేపు దోలోన్ కనుమ దాటి వెళ్లి శోకపాటలు కట్టే ఉమ్సునాయ్ ఆపాను (పెద్దావిడలను మేం ఆపా అంటాం), మా ప్రొఫెసరు గారి మీద విశ్వవిద్యాలయం వేసిన విచారణ సంఘం ముందుకు తీసుకురావాలి. నిన్న నా గది తాళం పగిలింది, లాప్‌టాప్ పోయింది. ఈ ఉదయం ప్రొఫెసర్ అసిల్‌బెకొవ్ ఫోన్ చేసి, "కనుమ మీద మంచు జారుడుగా ఉందటరా నాయనా, నీకెందుకీ తిరుగుడు?" అని ఎంతో ప్రేమగా అడిగారు. ఐదేళ్లు ఆయన సంచులు మోసినవాణ్ణి, ఆ ప్రేమ నాకు కొత్త కాదు.

1. భర్త బైమత్ పోయినప్పుడు ఆపా కట్టి పాడిన శోకపాట రికార్డింగు రెండో ప్రతి మా అక్క ఐజాన్‌కు. పిండి డబ్బాలో ఉంది. పిండి కలిపే ముందు తీయవలెను.

2. ఆ పాటను 'మా నాన్నకు' అని తన పేరున అచ్చేసుకున్న ప్రొఫెసరు గారికి ఏమీ లేదు. తీసుకోవలసింది ముందే తీసుకున్నారు. బైమత్ పేరు కొట్టేసి తన తండ్రి పేరు పెట్టారు. దాని వెనక వచ్చే ఏడు తరాల తాతల పేర్లు మాత్రం బద్ధకించి అలాగే ఉంచారు. పసిపిల్లలు కూడా తమ ఏడుగురు తాతలను అప్పజెప్పే దేశంలో, తాతలను కూడా దొంగిలించిన పండితుడు ఈయనొక్కరే!

3. ఆ పుస్తకం ప్రతి ఒకటి, నలభై ఒకటో పేజీ మడిచి, ప్రొఫెసరు గారి భార్యకు. భర్త పుస్తకాలు చదివే అలవాటు ఆవిడకు లేదు. ఆవిడ బైమత్‌కు సొంత చిన్నాన్న కూతురు. ఏడు తరాల్లోపు రక్తసంబంధంలో పెళ్లి మాకు నిషిద్ధం. పుస్తకం ప్రకారం ఆవిడ తన మామగారికి తోబుట్టువు వరస, అంటే తన భర్తకు మేనత్త.

4. నా రికార్డరు తర్వాత వచ్చే విద్యార్థికి. సారుకు వినిపించే ముందు ప్రతి తీసి దాచుకోవలెను.

5. సంగతి చెబితే ఆపా తిట్టిపోస్తుందనుకున్నాను. "పాట పోతే పోనీరా, ఇంకోటి కడతా. మా ముసలాయన పేరు పీకేశాడే! ఆయన్ని రెండోసారి పాతిపెట్టినట్టుందిరా," అంది. కనుక నేను తిరిగొచ్చినా రాకపోయినా, ఆమె ఆ పాట సంఘం ముందు పాడాలి. బైమత్ పేరు రాగానే అందరూ లేచి నిలబడాలి. అసిల్‌బెకొవ్ గారు అందరికంటే ముందు. ఆ తర్వాత నా డిగ్రీ విశ్వవిద్యాలయం వాళ్లే ఉంచుకోవచ్చు.

2019 నవంబరు 14, బిష్కెక్.
(సంతకం) ఎసెన్ కొడుకు కుబాత్

సాక్షులు:
తాలంత్, గదిలో తోడుండేవాడు. ఇతనికేమీ రాయలేదు కనుక సాక్ష్యం చెల్లుతుంది.
సాల్కిన్, హాస్టల్ వంటావిడ. అంతా చదివి, "ముందు మంచులో జారకుండా కారు చక్రాలకు గొలుసులు కట్టుకోరా వెధవా," అని సంతకం పెట్టింది.