జానెడు జారింది

హామిల్టన్,
ఫిబ్రవరి 11

ఒరే యోగానంద్,

కవరు చూసి ఎప్పటిలా మా ఆవిడ శకుంతల రాసిందనుకోకు. ఆమె అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. ఇవి నావి. ఐదో తరగతిలో ఆగిపోయిన చెయ్యి ఇంతకంటే బాగా రాయదు. చివరిదాకా చదువు. మధ్యలో ఫోన్ చేస్తే ఎత్తను.

నా పాత కంప్యూటర్ పారేయబోతుంటే మనవరాలు రిషిత ఆపి, దాంట్లో లినక్స్ ఎక్కించింది. ఎవరెవరో కలిసి తయారుచేసి, ఎవరైనా వాడుకోండని ఊరికే వదిలేసిన, కంప్యూటర్‌ని నడిపించే సరుకట. ఇంటర్నెట్ చూడటానికి ఒక కొత్త బ్రౌజర్ కూడా పెట్టింది. అది బీటా. అంటే పని ఇంకా పూర్తి కాలేదు, వాడి చూసి తప్పులుంటే చెప్పమని జనానికి ఇచ్చారు.

మొదటిరోజే పట్టుకున్నాను. మౌస్ చక్రం తిప్పి వదిలేశాక పేజీ ఆగాలి కదా. ఆగింది. ఆగి, మళ్లీ తనంతట తనే జానెడు కిందికి జారింది.

రిషితకి చెప్తే, "తాతా, దట్స్ నార్మల్. స్మూత్ స్క్రోలింగ్ అంటారు" అంది.

"మెత్తగా ఆగడం వేరు, పట్టు తప్పి జారడం వేరు. ముప్పై ఒక్క ఏళ్లు క్రేన్ తోలినవాడికి చెప్తున్నావా?"

"ఇట్స్ ఎ వెబ్ పేజ్, తాతా! నాట్ ఎ క్రేన్!"

నవ్వింది. నేను ఊరుకోలేదు. స్క్రీన్ మీద అడ్డంగా తెల్లటేపు అతికించి, పేజీ ఎక్కడ ఆగిందో, ఎంత జారిందో చూశాను. "కంప్యూటర్‌కి దెబ్బ తగిలిందా, ఆ పట్టీ ఏమిటండీ?" అంది శకుంతల. నాలుగు రోజులు, నలభైసార్లు. చివరికి తేలింది. కంప్యూటర్‌ని నిద్రపుచ్చి లేపాక మొదటిసారి మాత్రమే జారుతుంది. రెండోసారి నుంచి బుద్ధిగా ఉంటుంది. అది చూశాక రిషిత నవ్వు ఆగింది. "ఓ మై గాడ్, యూ ఆర్ రైట్. రిపోర్ట్ చెయ్యి తాతా" అని ఒక పేజీ తెరిచింది. ఏం జరిగిందో రాయమని అందులో ఒక ఖాళీ పెట్టె ఉంది.

నా చెయ్యి కదల్లేదు యోగీ.

తొంభై ఒకటి, జనవరి. మన ఫ్యాక్టరీలో మంగళవారం పొద్దుటి షిఫ్టు. రెండో నంబరు క్రేన్ మీద మొదటి లోడు ఎత్తి లివర్ వదిలాను. హుక్కు ఆగింది. ఆగి, జానెడు జారింది. రెండో లోడుకి జారలేదు. చలికి బ్రేకు పట్టలేదని నాకు తెలిసిపోయింది. క్యాబిన్‌లో లాగ్‌బుక్ వేలాడుతూనే ఉంది. ఒక్క ముక్క రాస్తే క్రేన్ ఆపేసి చూసేవాళ్లు. కానీ నాకు ఇంగ్లీషు ముక్క రాయడం రాదు. ఇంటర్ ప్యాసయ్యానని నీ దగ్గర కూడా కోతలు కోశాను కదా. నిన్ను పిలిచి రాయించుకుంటే గుట్టు బయటపడుతుంది. అందుకని నోరు మూసుకుని కిందికి దిగిపోయాను. బుధవారం నాకు సెలవు. పొద్దున్నే మొదటి లోడు. కింద చైన్ కడుతున్నది నువ్వు.

హాస్పిటల్లో ఎడమచేతికి కట్టుతో పడుకుని, "నా టైం బాలేదురా" అన్నావు. నేను యాపిల్ పళ్ల సంచి పక్కన పెట్టి తలూపాను. టైం కాదురా. నేను. నీ రెండు వేళ్లనీ నా పొగరు తినేసింది.

క్షమించమని అడగడం లేదు. నీకు రాయకుండా ఆ పెట్టెలో రాయడానికి మనసొప్పలేదు, అంతే. ఇది పోస్టులో వేసి వచ్చి అది రాస్తాను. తిట్టాలనుంటే తిట్టు. కాగితం మీద తిట్టు. చదువుకుంటాను.

కోదండరామ్


హామిల్టన్,
మార్చి 2

యోగీ,

ఏజాక్స్ నుంచి నీ కవరు అందింది. కూడబలుక్కుని మూడుసార్లు చదివాను. నీ తిట్ల కోసం వెతికాను. ఒక్కటీ లేదు. దానికంటే పెద్దది ఉంది.

సోమవారమే, ఇంకొకడు తోలుతున్నప్పుడే, ఆ హుక్కు జారడం కింద నిలబడి చూశావా? ఇంగ్లీషు వచ్చు, పెన్ను జేబులో ఉంది, అయినా క్రేన్ ఆపేస్తే మన గ్యాంగునంతా ఇంటికి పంపేస్తారని రాయలేదా? నేను తలూపిన ప్రతిసారీ నువ్వూ లోపల తలదించుకున్నావా? ముప్పై నాలుగేళ్లు నీ వేళ్లు నా మెడలో కట్టుకుని తిరిగానురా వెధవా. ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది? రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోరోజు, నేను మాత్రం ఏం చెప్పానని ఆలోచించి, తిన్నాను.

ఇప్పుడు పని మాట. రిపోర్టు తెలుగులో నేనే రాశాను. రిషిత ఇంగ్లీషు చేసి నా పేరే పెట్టింది. వాళ్ల జవాబు వచ్చింది. తమ దగ్గర జారడం లేదట. ఇంకొకరెవరైనా చూశామని రాస్తే సరే, లేకపోతే ఈ రిపోర్టు మూసేస్తారట. ఒక్కడి మాట చాలదన్నమాట.

అందుకని ఆదివారం రా. నీ ల్యాప్‌టాప్, మౌస్ తెచ్చుకో. రిషిత దాంట్లో కూడా లినక్స్, ఆ బ్రౌజర్ ఎక్కిస్తుంది. నిద్రపుచ్చు, లేపు, చక్రం తిప్పి వదులు. కుడిచేతి వేళ్లన్నీ ఉన్నాయి కదా, సాకులు చెప్పకు. నీ స్క్రీన్‌కి కూడా టేపు కోసి పెట్టాను.

జారితే నా పేరు కింద నీ పేరు పెట్టి నువ్వే రాయాలి. జారకపోతే జారలేదని రాయి. నా మొహం చూసి అబద్ధం రాశావో, అన్నం పెట్టకుండా పంపేస్తాను.

ఎదురుచూస్తూ కూర్చోను. పొద్దున పదింటికి తలుపు తీసి ఉంటుంది.

నీ కోదండరామ్