పొమ్మనలేక

శనివారం

ప్రియమైన తమ్ముడికి,

మంటల మధ్య ఉన్నవాడికి ఉత్తరం చదివే తీరిక ఎక్కడిదంటావేమో. ఇది చదవాలి. కొత్తగా చేరేవాళ్లలో నా కూతురి పేరు కొట్టేయి. అడవి మంటలార్పే దళానికి నువ్వు నాయకుడివే కావచ్చు, దానికి మేనమామవి కూడా. భుజాలమీద ఎక్కించుకుని తిప్పిన పిల్లను నిప్పుల్లోకి ఎలా దించుతావు?

నా వాదన విను. అడవిని గుత్తకు తీసుకుని నరికినవాళ్లు, ఎండుకొమ్మల మీద పాత కరెంటు తీగలు వేలాడుతున్నా లాభం తగ్గుతుందని మార్చనివాళ్లు, ఇప్పుడు చల్లటి గదుల్లో కూర్చుని సంతాపాలు రాస్తున్నారు. వాళ్ల పిల్లల్లో ఒక్కడైనా నీ దళంలో ఉన్నాడా? తగలబెట్టేది వాళ్లు, ఆర్పేది మనమా? పత్రికలో ఏళ్లతరబడి నేను గొంతు చించుకుంటున్నది ఇందుకే.

ఈ మాటే చెప్పి మనసు మార్పిద్దామని రెండు రోజుల సెలవుకి దాన్ని ఈ సరస్సుకి తీసుకొచ్చాను. పడవలో నోరు తెరిచానో లేదో, "అమ్మా, సంపాదకీయం తర్వాత, ముందు తెడ్డు వెయ్యి" అంది.

"ఎవరి పోలికే నీకు?"

"నువ్వు రాసినవన్నీ చదివి పెరిగాను. ఇంకెవరి పోలికొస్తుంది?"

దాని దగ్గర నా వాదన సాగక తెడ్డు వేశాను. అందుకే నీ మీద పడ్డాను. కొట్టేయి.

నీ అక్క

ఆదివారం

తమ్ముడూ,

నిన్నటి ఉత్తరం ఇంకా నా సంచిలోనే ఉంది. దీంతోపాటే పంపుతున్నాను, చదివి నవ్వుకో.

పొద్దున లేచేసరికి అవతలి ఒడ్డు లేదు. మంచు అనుకున్నాను. వాసన మంచుది కాదు, చెట్టుజిగురు కాలినది. ఒక పూటంతా బస్సులో కూర్చుంటేగాని రాని దూరం నుంచి నీ అడవి వచ్చి మా గుమ్మం ముందు నిలబడింది. సూర్యుణ్ని కళ్లు చిట్లించకుండా చూశాను. దానిమ్మగింజలా ఎర్రగా, చిన్నగా, ఎవరిమీదా కోపం లేనట్టు ఉన్నాడు. నీళ్లదీ అదే రంగు. పొద్దుగూకిందనుకుని పిట్టలు మళ్లీ గూళ్లకు చేరాయి. దేనికైనా ఒక దోషిని చూపించే నా వేలు ఆ ఆకాశం కేసి లేవలేదు.

అప్పుడు బూడిద రాలింది. పిల్ల చెయ్యి చాచింది. అరచేతిలో ఒక ఆకు వాలింది. మొత్తం బూడిదే, కానీ ఈనెలు చెదరలేదు, తొడిమ ఊడలేదు. "మామయ్య దగ్గర్నుంచే అమ్మా" అంది మెల్లగా. వంగి చూశాను. నా ఊపిరి తగిలింది, అంతే, ఆకు లేదు. పిల్ల చెయ్యి దులుపుకోలేదు. పిడికిలి బిగించింది.

నా వాదనలో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. తగలబెట్టినవాళ్లను వదిలిపెట్టను. కానీ నేను వాళ్లను బోనెక్కించేదాకా మంట ఆగి కూర్చోదు కదా.

పొమ్మనలేక పొగబెట్టారంటారు. నేను పొమ్మనలేకపోయాను. పొగ నీ వైపు నుంచి వచ్చింది. అయినా "పో" అన్న మాట నోట రాలేదురా. "వెళ్లిరా" అన్నాను.

అందులో రెండో ముక్క నీ పూచీ.

నీ గయ్యాళి అక్క