‘మై హస్బెండ్’ తర్వాత ఏం చెప్పాలి?

నాగర్‌కర్నూల్, ఆదివారం

బావా,

కోపంగానే రాస్తున్నాను. మా చెల్లె మణెమ్మను ఇంగ్లీషు క్లాసు మాన్పించావట. ఏం తప్పు చేసింది? సబ్జెక్టు, ప్రెడికేటు నేర్పుతూ షాహెదా మేడం, ఒకరు మనిషి పేరు చెప్తే ఇంకొకరు ఆ మనిషి చేసే పని చెప్పాలందట. మణెమ్మ “మై హస్బెండ్” అంది. పక్కనున్న ఎంకమ్మ “కుక్స్ రైస్” అంది.

“వాక్యమైతే మంచిగనే ఉంది గని, మా ఇంట్ల గట్ల జరుగదక్కా” అని మణెమ్మ అనేసరికి తిమ్మాజిపేట బజారుదాకా నవ్వులే.

దానికే నీ పరువు పోయిందా? మగ పెత్తనం మీద ఇరవై ఏళ్లుగా నేనిచ్చిన ఉపన్యాసాలకు ఒక్కరూ అలా నవ్వలేదు.

బుధవారం సాయంత్రం ఆమెను క్లాసుకు పంపు. నేను భోజనానికి వస్తున్నాను. అన్నం నువ్వు వండు, కూర నేను చేస్తాను. నాకూ రాదు, ఇద్దరం కలిసి మాడబెడదాం.

నీ బామ్మర్ది