పేరుతో పిలిచిన కెమెరా

జూన్ 2, మంగళవారం

అక్క ఎలా ఉందో. తుంటి ఆపరేషన్ నొప్పి రాత్రి నిద్రపోనిచ్చిందో లేదో. దగ్గరుండి చూసుకునే నర్సమ్మకు పన్ను సలుపుతోందన్నారు, తగ్గిందో లేదో. ఇక్కడ కూతురికి మెడ పట్టేసింది. మనవరాలు కంప్యూటర్ ముందు కూర్చుని కళ్లు పాడుచేసుకుంటోంది. ఇక నా దగ్గు. ఇది తగ్గితే ఈపాటికి అక్క పక్కన ఉండేదాన్ని. దగ్గుతో ఆపరేషన్ మనిషి దగ్గరికి వెళ్లొద్దని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు.

నా గోల పడలేక మనవరాలు అక్క ఊరెళ్లి, పాత కంప్యూటర్ ఒకటి పెట్టి, దానికి రెండు కెమెరాలు తగిలించి వచ్చింది. ప్రోగ్రామ్ తనే రాసింది. నా ఫోన్లో ఒకటి నొక్కితే అక్క మంచం. రెండు నొక్కితే వీధి గుమ్మం వైపు. గుమ్మంతో నాకేం పని? పొద్దస్తమానం ఒకటే చూస్తున్నాను. దుప్పటి కదిలితే చాలు, ప్రాణం కుదుటపడుతుంది.

జూన్ 5, ఉదయం 10

మంచం ఖాళీ. పరుపు చుట్టేసి ఉంది.

జూన్ 5, సాయంత్రం

పొద్దున సగంలో ఆపేశాను, మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

మనిషి లేకపోతేనే కదా పరుపు చుట్టేది! అక్కకు ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తదు. నర్సమ్మది స్విచ్చాఫ్. ఆఫీసులో ఉన్న మనవరాలికి చేశాను. ఏడుపే వచ్చింది. పాపం అది చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది.

అది గుమ్మంలో అడుగు పెడుతుండగా అక్కే ఫోన్ చేసింది. నర్సమ్మ ఒళ్లు తుడుస్తోందట, అందుకే ఎత్తలేదట. ఏమిటే ఇన్ని మిస్డ్ కాల్స్, కొంప మునిగిందా అంది. సంగతి చెప్పాను. ఒసేయ్, నేను బతికుండగానే నా పరుపు చుట్టేశావటే అని నవ్వింది. నవ్వితే కుట్లు లాగుతున్నాయని మళ్లీ నన్నే తిట్టింది. తిట్టనీ. ఆ గొంతు విన్నాక కడుపు నిండా అన్నం తిన్నాను.

నేను చూసింది నర్సమ్మ మంచమట. గుమ్మం పక్కన ఉంటుందట. రెండు మంచాలూ ఒకేసారి కొన్నవి, ఒకేలా ఉంటాయి.

జూన్ 6

అసలు ఏం జరిగిందో మనవరాలు చెప్పింది. నిన్న నర్సమ్మ ఇల్లు ఊడుస్తూ వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టిందట. కెమెరాలకు నంబరు శాశ్వతం కాదట. కంప్యూటర్‌కి ముందు ఏది దొరికితే దానికి మొదటి నంబరు ఇచ్చేస్తుందట. అలా ఇదటూ అదిటూ అయ్యాయి.

ప్రతి కెమెరాకూ కంపెనీ వాళ్లు పెట్టిన పేరు లోపలే ఉంటుందట. తను వాడే లైబ్రరీలో, అంటే ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాముల మూటలో, పేరు చెప్పి వెతికే దారి కూడా ఉందట. మరి ముందే ఆ పని చెయ్యలేకపోయావా అన్నాను. బద్ధకం అమ్మమ్మా, తప్పే అంది. నా గుండె ఆగితే ఏం చేసేదానివే అంటే, నీ గుండె నీ కంగారుకు ఎప్పుడో అలవాటు పడిపోయిందిలే అంది. నోరు మాత్రం వాళ్లమ్మ పోలికే.

రెంటికీ ఒకే పేరుంటేనో అని అడిగాను. వేరే వేరే కంపెనీలవి కాబట్టి పేర్లూ వేరేనట.

జూన్ 8

ఇప్పుడు ఫోన్లో ఒకటి, రెండు లేవు. మంచం, గుమ్మం అని ఉన్నాయి. ఆ పేరుగల కెమెరా దొరక్కపోతే ఇంకో దాని బొమ్మ చూపించదట. లేదని చెప్పేస్తుందట. నాలుగుసార్లు అడిగి చెప్పించుకున్నాను. ఐదోసారి అడిగేలోపు హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంది.

జూన్ 11

‘మంచం కెమెరా దొరకలేదు’ అని వచ్చింది. నర్సమ్మ దుమ్ము తుడవడానికి వైరు తీసిందట. నేనేం భయపడలేదు. కొంచెం భయపడ్డాను.

జూన్ 17, ఉదయం

మంచం నొక్కాను. మంచం ఖాళీ.

ఈసారి వేరే మంచం అనుకోవడానికి లేదు. అక్క నీలం దుప్పటే, పక్కకు తోసి ఉంది. తలగడ మీద కళ్లజోడు. అక్క కళ్లజోడు లేకుండా ఎక్కడికి పోతుంది? కేకేద్దామంటే దగ్గు తెర అడ్డొచ్చింది.

ఏం తోచిందో, గుమ్మం నొక్కాను.

అక్క! నిలబడి ఉంది. వాకర్ పట్టుకుని, పక్కన నర్సమ్మ. కళ్లజోడు లేదు కదా, కెమెరా ఎక్కడుందో తెలియక గోడకేసి చెయ్యి ఊపుతోంది. నేనూ ఇక్కడినుంచి ఊపాను. కనిపించదని తెలుసు.

జూన్ 19

దగ్గు తగ్గింది. డాక్టరు వెళ్లొచ్చన్నాడు. 28, ఆదివారం, పొద్దున బస్సు. ఆ రోజు గుమ్మం నొక్కి చూడమని మనవరాలికి చెప్పాను. నేను కనిపిస్తాను.