గీత దాకా ఆగని బొటనవేలు

మార్చి 3, సోమవారం

బైకు రేసుల టీం ఓనర్ ఇంటికొచ్చాడు. మంచినీళ్లు కూడా ముట్టలేదు. నా నోట్‌బుక్ కావాలట. రెండు సీజన్ల ప్రాక్టీసుల్లో మావాడి ల్యాప్ టైములు, వాడితో పాటు ఆ టీంలోనే ఉన్న పొడుగోడి ల్యాప్ టైములు స్టాప్‌వాచ్ పట్టుకుని రాసింది నేనొక్కదాన్నే. కంప్యూటర్ టైమింగ్ రేసు రోజే పెడతారు.

ఈ సీజన్‌కి ఒక్క బైకేనట. అది పొడుగోడికివ్వాలా, కొత్తవాణ్ని తేవాలా అని ఆలోచిస్తున్నాడు. ఇద్దరూ ఒకే రకం బండి, ఒకే రకం ఇంజన్ నడిపారు కదమ్మా, మీవాడి పక్కన పెట్టి చూస్తేనే వీడెంతో తేలుతుంది అన్నాడు. శనివారం వచ్చి తీసుకుంటాడట.

మావాడు ఆ ట్రాక్ మీదే పడి చనిపోయి ఐదు నెలలు. ఈ మాట రాయడం ఇదే మొదలు.

మార్చి 4

నోట్‌బుక్ తీశాను. మూశాను.

మార్చి 5, ఉదయం

నేను చదివింది నాలుగో తరగతి. అక్షరాలు వంకరగా వస్తాయి, అంకెలు మాత్రం గుండ్రంగా రాస్తాను. ఇంట్లో కూర్చుని వణికే బదులు ట్రాక్ పక్కన నిలబడి టైం రాయమ్మా, భయం పోతుంది అని మావాడే ఈ పని అంటగట్టాడు. భయం పోలేదు. చేతికి పని దొరికింది, అంతే.

ఇవాళ అన్ని పేజీలూ చూశాను. మావాడు మొదటి ల్యాప్ నుంచే వెనకాల ఎవరో తరుముతున్నట్టు పోయేవాడు. పది ల్యాపులకే టైర్లు అరిగిపోయేవి. పొడుగోడు నింపాదిగా మొదలుపెట్టి చివర్లో ఊపందుకునేవాడు. బైకెక్కితే వాడి మోకాళ్లు మిడత కాళ్లలా పైకి లేచేవి. మావాడు ఒంటెగాడా అనేవాడు. టైర్లు కాస్త నమిలి మింగరా, అరక్కపోతే కష్టం అని వాడు తగులుకునేవాడు. ప్రాక్టీస్ అయ్యాక ఇద్దరూ నా వంటింట్లో గిన్నెలు ఊడ్చేసేవాళ్లు.

ఏ పేజీలో చూసినా మావాడే దాదాపు సెకను ముందు. చాలా రోజుల తర్వాత ఒళ్లు పొంగింది. రేసుల్లో మాత్రం పొడుగోడు మావాడి కన్నా ముందొచ్చిన రోజులే ఎక్కువ. రేసులో అదృష్టం ఉంటుంది, అసలు సత్తా ప్రాక్టీసులోనే తెలుస్తుంది అంటాడు ఓనర్.

మార్చి 6

పొడుగోడు వచ్చాడు. గుమ్మానికి తల కొట్టుకున్నాడు. గ్యాస్ సిలిండర్ మార్చి, కారుతున్న కుళాయి బిగించి వెళ్లాడు. బైకు గురించి ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండేది.

మార్చి 7, మధ్యాహ్నం 3

టీం మెకానిక్ వచ్చాడు, నాకు తమ్ముడిలాంటివాడు. అతని ఫోన్‌లో పాత ప్రాక్టీస్ వీడియో ఉంది. చూపించమన్నాను. అక్కా, తట్టుకోగలవా అన్నాడు. పెట్టమన్నాను. అలవాటు కొద్దీ స్టాప్‌వాచ్ చేతిలోకి తీసుకున్నాను.

ల్యాప్ మొదలై ముగిసే గీత దగ్గర ప్రతిసారీ సున్నా నుంచి మొదలుపెడతాను. మావాడు గీత దాటాడు. నొక్కాను. వెళ్లిపోయాడు. తిరిగి ఆఖరి మలుపులో కనపడ్డాడు, బండి వాల్చేసి, మోకాలు నేలకి రాసుకుంటూ. పడలేదు. లేచి నిటారుగా అయ్యాడు. నా బొటనవేలు నొక్కేసింది.

గీత ఇంకా చాలా దూరంలో ఉంది.

పొడుగోడు వచ్చినప్పుడు మాత్రం గీత దాటాకే నొక్కాను. మళ్లీ పెట్టించాను. మళ్లీ అంతే. మూడోసారీ అంతే. మావాడు పడకుండా మలుపు దాటాడంటే నాకు ల్యాప్ అయిపోయినట్టే. రెండేళ్లు ఇలాగే రాశాను.

మెకానిక్ గీత దగ్గర టైం పట్టి చూశాడు. ఇద్దరిదీ 1-43, అంటే నిమిషం నలభై మూడు సెకన్లు. పొడుగోడే వెంట్రుకవాసి ముందు.

సాయంత్రం

మెకానిక్ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. అక్కా, ఎవరికీ చెప్పకు, పుస్తకం ఉన్నదున్నట్టు ఇచ్చెయ్, మనవాడి పేరు నిలుస్తుంది, ఆ ఒంటెగాడన్నా ప్రాణాలతో ఇంట్లో కూర్చుంటాడు అన్నాడు.

నాకూ అదే అనిపించింది. నోరు మూసుకుంటే ఒకడి పేరు మిగులుతుంది, ఇంకొకడి ప్రాణం మిగులుతుంది. నష్టపోయేది ఎవరు?

రాసి చూసుకుంటే తెలిసింది. నిన్న కుళాయి బిగించి వెళ్లినవాడు.

మార్చి 8, శనివారం

చెప్పేశాను. ఓనర్ ముందే, పొడుగోడు పక్కన ఉండగానే. నా అంకెలు తప్పు, మావాడి ప్రతి ల్యాప్‌కీ సెకను కలుపుకోండి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. మెకానిక్ వీడియో చూపించాడు. ఓనర్ చాలాసేపు చూశాడు. బైకు పొడుగోడికే ఇస్తానన్నాడు.

ఓనర్ వెళ్లాక పొడుగోడు తల వంచుకుని, మాకు ముందే తెలుసు ఆంటీ అన్నాడు. ఇద్దరికీ తెలుసట. మావాడు నా నోట్‌బుక్ చూసి, సెకను కలుపుకుని, అమ్మ దగ్గర ఫస్టు, గీత దగ్గర నీ వెనకాల, ఏం బతుకురా నాది అని నవ్వేవాడట. అమ్మకి చెప్పావంటే నీ టైర్లు కూడా నమిలేస్తాను అని బెదిరించాడట.

మరి ఓనర్‌కైనా చెప్పొచ్చు కదరా, నీ బైకు పోయేది కదా అని అడిగాను. వాడికి మాటిచ్చాను ఆంటీ అన్నాడు.

ఇద్దర్నీ కలిపి తిట్టాను. ఒకడు విన్నాడు.

మార్చి 15

పొడుగోడికి హెల్మెట్ లోపలి మెత్త ఉతికి ఇచ్చాను. పడితే కాళ్లు విరగ్గొడతానన్నాను. పడితే అవే విరుగుతాయి కదా ఆంటీ, మీకెందుకు శ్రమ అన్నాడు. నవ్వొచ్చింది. తర్వాత ఏడ్చాను.

ఏప్రిల్ 5, ఉదయం 7

మొదటి ప్రాక్టీస్. పొడుగోడు, 1-42.1.

నమ్మొద్దు. మలుపులోంచి లేవగానే నొక్కేశాను.