జవాబు చెప్పకపోవడం నేర్చుకున్నాను

జూన్ 3, ఉదయం

పెద్ద కత్తెర మళ్లీ కనబడలేదు. కటింగ్ టేబుల్ కింద వెతికాను, మిషన్ వెనక వెతికాను. చివరికి పాత లైనింగ్ గుడ్డల మూటలో దొరికింది, మూడు చుట్లు చుట్టి. దాచింది మా చిన్నదే. పదిహేడేళ్ల పిల్ల. నిన్న వంటింట్లో చాకులు కూడా బీరువా పైకి చేరాయి. ఇది ఆట కాదని అర్థమవుతోంది. ఏమిటో మాత్రం అంతుబట్టడం లేదు.

జూన్ 5

పెద్దది నా మీద కోప్పడింది. అల్లుడిది ఓడ మీద ఉద్యోగం, అందుకని రెండు నెలల పాపాయితో మా దగ్గరే ఉంటోంది. కింద షాపు, పైన ఇల్లు. చిన్నది పాపాయిని ఎత్తుకోవడం మానేసిందట. పాపాయి ఉన్న గదిలోకే రావడం లేదట. దీనికి అసూయేమో, మీరంతా గారం చేసి చెడగొట్టారు, అంది.

పుట్టిన మొదటి వారమంతా పాపాయిని ఒళ్లోంచి దించని పిల్లకి అసూయేమిటి?

జూన్ 6

చెప్పింది. షట్టర్ సగం దించి, నా మొహం చూడకుండా.

పాపాయిని చూస్తే చాలు, కత్తెర గుర్తొస్తుందట. తను ఏదో చేసేసినట్టు కళ్ల ముందు కనబడుతుందట. వద్దనుకునేకొద్దీ ఇంకా వస్తుందట. నాన్నా, నేను నిజంగా చేస్తానా, అని అడిగింది.

ఛీ, అవేం మాటలే, అన్నాను.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అందుకే రాస్తున్నాను. ఇన్నాళ్లు ఒక్కతే మోసిన బరువు తెచ్చి నా ముందు దించితే, ఛీ అన్నాను.

జూన్ 9

క్షమించమని అడిగాను. ఫర్వాలేదు నాన్నా అంది. ఆ తర్వాత అదే ప్రశ్న. నేను చేస్తానా? చెయ్యవు తల్లీ, నీది బంగారం లాంటి మనసు, అన్నాను. మొహం తేటపడింది. పది నిమిషాలకి మళ్లీ వచ్చింది. ఒట్టు వెయ్యమంది. వేశాను. ఈ ఒక్కరోజే ఎన్ని ఒట్లు వేశానో నాకే గుర్తు లేదు.

జూన్ 19

డాక్టర్ దగ్గరికి వెళ్లాం. నేను, మా ఆవిడ, చిన్నది. పిల్లల మానసిక సమస్యలు చూసే డాక్టర్. వయసులో మా పెద్దదాని కంటే కాస్త పెద్దదేమో. ఓసీడీ అంది. అదేదో చేతులు పదేపదే కడుక్కునే జబ్బు అనుకున్నాను ఇన్నాళ్లూ. ఇలా కూడా ఉంటుందట. ఇలాంటి పాడు ఆలోచన ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు వస్తుందట, పట్టించుకోకపోతే పోతుందట. ఈ జబ్బున్న వాళ్లకి అది పట్టుకుని వదలదట. అదీ మనం ప్రాణంగా చూసుకునే వాటి మీదే. ఆలోచన వేరు, కోరిక వేరు, అంది.

తర్వాత నా వైపు తిరిగింది. మీ ఒట్లన్నీ ఈ జబ్బుకి మేత సార్, అంది.

ఇకనుంచి ఆ ప్రశ్నకి జవాబు చెప్పకూడదట. కష్టంగా ఉందని తెలుసు, నీ పక్కనే ఉన్నాను, అనాలట. అంతే.

బస్సులో చిన్నది కిటికీ వైపు తిరిగి, నాది పేరున్న జబ్బు నాన్నా, అంది. పరీక్ష పాసైనంత సంబరంగా.

జూన్ 24

మా ఆవిడ మొదటిరోజే నేర్చుకుంది. నేను మాట బయటికి రాకుండా తల అడ్డంగా ఊపుతున్నాను. చిన్నది పట్టేసింది. నాన్నా, మోసం చేస్తున్నావు, అంది. నిజమే.

జూలై 2

చిన్నది, డాక్టర్ కలిసి ఒక లిస్టు రాశారు. పదకొండు మెట్లు. తేలికది కింద, కష్టమైనది పైన. ఎప్పుడు ఎక్కాలో చిన్నదే చెప్పాలి. ఎవరూ తొయ్యకూడదు.

ఈ రోజు మొదటి మెట్టు. కత్తెర దాచకుండా టేబుల్ మీద ఉంచి, దాని పక్కన నిలబడాలి. నలభై నిమిషాలు నిలబడింది. ముచ్చెమటలు పోశాయి. కదల్లేదు. నేను ఎదురుగా కూర్చుని కాజాలు కుట్టాను. సూది రెండుసార్లు వేలికి దిగింది.

జూలై 20

అడిగింది. చెప్పలేదు. ముప్ఫై ఏళ్ల పనిలో ఇంత కష్టపడింది లేదు.

ఆగస్టు 8

లిస్టు చింపేసింది. నా వల్ల కాదు, నన్నెక్కడైనా పడేయండి, అంది. స్నానం లేదు, తిండి లేదు. డాక్టర్‌కి ఫోన్ చేశాను. వెనక్కి జారడం ఇందులో మామూలే, రేపు తీసుకురండి, అంది.

ఆగస్టు 11

కొత్త లిస్టు. ఈసారి పన్నెండు మెట్లు. కొత్తగా చేర్చింది ఏమిటని అడిగాను. అక్కకి చెప్పడం, అంది.

పెద్దది పాపాయిని తీసుకుని వెళ్లిపోతే?

సెప్టెంబరు 2, మధ్యాహ్నం

చెప్పేసింది. మేం సాయం వస్తామన్నా వద్దంది, గది బయటే ఆగాం. పెద్దది పాపాయిని ఒళ్లో వేసుకుని మంచం మీద కూర్చుంది. చిన్నది గుమ్మంలోనే నిలబడి, నాకు చెప్పినదంతా చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా. నీకు భయమేస్తే నన్ను ఈ గదిలోకి రానివ్వకు, నేనేం అనుకోను, అంది.

పెద్దది పాపాయి మీద దుప్పటి సర్దింది.

ఆ తర్వాత తనూ ఒకటి చెప్పింది. పాపాయికి పదిరోజులప్పుడు బాల్కనీలో నిలబడితే, ఇక్కణ్ణుంచి వదిలేస్తే, అన్న ఆలోచన వచ్చిందట. ఒళ్లు జలదరించి లోపలికి పరిగెత్తిందట. మొగుడికి కూడా చెప్పలేదట. నాకు వచ్చి పోయింది, నీకు వచ్చి కూర్చుంది, అంతే కదే తేడా, అంది.

లేచింది. పాపాయిని చిన్నదాని చేతుల్లో పెట్టింది. మూడు రోజులైంది తలస్నానం చేసి, ఇప్పుడే వస్తాను, అని తువ్వాలు తీసుకుని వెళ్లిపోయింది.

నేనూ మా ఆవిడా కిందికి దిగిపోయాం. చిన్నదే వెళ్లమంది. అది లిస్టులో అన్నిటికంటే పైన ఉన్న మెట్టు. పాపాయితో ఒంటరిగా ఉండటం.

ఇరవై ఐదు నిమిషాలు. పైన నీళ్ల చప్పుడు, చిన్నది ఏదో కూనిరాగం తీస్తున్న చప్పుడు. నేను మిషన్ తొక్కుతూనే ఉన్నాను. దారం ఎప్పుడో తెగిపోయిందని మా ఆవిడ చెప్పేదాకా చూసుకోలేదు.

సెప్టెంబరు 25

పాపాయి షాపులో చాప మీద నిద్రపోతోంది. చిన్నది పెద్ద కత్తెరతో చొక్కా కట్ చేసింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. వచ్చింది నాన్నా, అంది. రానీ, అన్నాను. కట్ చేస్తూ పోయింది.

ఒక చెయ్యి అంగుళం పొట్టిగా వచ్చింది. ఆ చొక్కా నేనే వేసుకున్నాను. వచ్చిన ప్రతివాళ్లూ మాస్టారూ ఇదేమిటి అని అడిగారు. మా అమ్మాయి కట్ చేసింది, అని అందరికీ చెప్పాను. ఎందుకంత గొప్పగా చెబుతున్నానో వాళ్లకి తెలియదు.

అక్టోబరు 21

పాపాయికి మొదటి పన్ను వచ్చింది. చిన్నది చూద్దామని వేలు పెట్టింది. పాపాయి కొరికేసింది. రక్తం చుక్క కూడా. చిన్నది కెవ్వుమంది, ఆ తర్వాత నవ్వు ఆపుకోలేక గోడకి జారబడిపోయింది.

ఈ ఇంట్లో ఇంతవరకూ ఒక మనిషిని గాయపరిచింది పాపాయి ఒక్కతే.